నూట పద్దెనిమిది పర్చీలు

బీర్‌గావ్ తెలుగువాడ ఓట్లు పోయి ఇవాళ్టికి మూడు రోజులు. సోమవారం పొద్దున బడిలో పెట్టిన బూత్‌కి వెళ్ళిన ప్రతి మనిషికీ ఒకటే జవాబు దొరికింది: నీ ఓటు పడిపోయింది, ఇంటికి పో. నూట పద్దెనిమిది మందికీ అదే మాట. ఉర్లాలో వెల్డింగు పని చేసే పరదేశి ఆ సాయంత్రమే వాడనంతా లేవదీసి పక్కనే ఉన్న పట్నం రాయపూర్ తెచ్చి, ఎన్నికల కచేరీ గేటు ముందు కూర్చోబెట్టాడు. మళ్ళీ పోలింగ్ పెట్టాలి, పెట్టేదాకా లేవం. అదీ పంతం. గురువారం పొద్దున పెద్దాఫీసరు గేటు దాకా వచ్చి ఒక షరతు పెట్టాడు. పోయిన వారం కథ ఆ షరతు దగ్గర ఆగింది.

"మీ పర్చీలు మీ చేతుల్లోంచి దొంగ ఓట్లు వేసినవాళ్ళ చేతుల్లోకి ఎలా పోయాయి? ఇచ్చినవాళ్ళెవరో ఒక్కరు రాసి, వేలిముద్ర వేసి, నాలుగులోగా తెండి. కాగితం పైకి పంపిస్తాను. రేపు ఎనిమిదింటికి లెక్కింపు. ఆ తర్వాత నా చేతిలో ఏమీ లేదు," అన్నాడు హిందీలో. అనేసి లోపలికి పోయాడు.

పర్చీ అంటే పెద్ద కాగితమేం కాదు. ఓటరు పేరు, జాబితాలో నంబరు రాసిన అరచేతి ముక్క. పోలింగుకి ముందు పార్టీలవాళ్ళు పంచుతారు. చట్టంలో దానికి విలువ లేదు. బూత్‌లో మాత్రం అది చూపించినవాడే ఓటరు.

ధర్నా చూసి దారినపోయేవాళ్ళు నవ్వుకునేవారు. ఆడా మగా అందరూ ఎడమచేతి చూపుడువేలు పైకెత్తి కూర్చున్నారు. సిరా గుర్తు లేని వేళ్ళు. ఓటు వెయ్యలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని పరదేశి లెక్క. మొదటిరోజే ఆఫీసరు ఆ వేళ్ళు చూసి, "సిరా లేదంటే మీరు ఓటెయ్యడానికి రాలేదని అర్థం. రానివాళ్ళ కోసం మళ్ళీ పోలింగ్ పెట్టమంటారా?" అన్నాడు. అయినా వేళ్ళు దించలేదు. దించితే ఇంకేం చెయ్యాలో ఎవరికీ తెలియదు.

పట్నంలోని వకీళ్ళూ రిటైరైన ప్రొఫెసర్లూ కలిసి సాఫ్ చునావ్ మంచ్ అని ఒకటి పెట్టుకున్నారు. ఎన్నికలు శుభ్రంగా జరగాలని కరపత్రాలు పంచే మంచ్. బుధవారం వాళ్ళు బ్యానరు తెచ్చి ధర్నాలో అరగంట కూర్చున్నారు. ఓటరు మేలుకుంటే దేశం మేలుకుంటుందని ఒక వకీలు గొంతు చించుకున్నాడు.

"మేలుకోనేదని ఈ బాబుకి ఎవులు సెప్పినారే," అంది వాడలోని కోటమ్మ పక్కామెతో. "సోమారం నాలుగింటికే లేసి తానం చేసి ఎల్లినాను. ఆడు నా ఓటు ఏసీసినోడు నాకన్నా ముందు లేసినట్టున్నాడు."

మంచ్ వాళ్ళు ఫొటో తీయించుకుని వెళ్ళారు. పోతూ పోతూ బ్యానరు కూడా మడిచి పట్టుకుపోయారు.

ఇప్పుడు షరతు మిగిలింది, టైము మిగల్లేదు. పరదేశి వరసలో ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాడు.

"నీ పర్చీ ఎవులికిచ్చినావు?"

"నాకు రానేదు."

"నీకు?"

"నాకూ రానేదు మావా."

ఇరవైమంది అదే చెప్పారు. కోటమ్మకి విసుగొచ్చింది.

"అసలు పర్చీ మన సేతికి ఎప్పుడొచ్చినాదిరా? ఎప్పుడూ మీ అప్ప ట్రంకులోకే కదా వస్తాయి. పోలింగ్ నాడు పొద్దున తీసి పంచుతాది. ఈసారి పార్టీవోళ్ళు తేనేదని మీ అప్పే సెప్పింది. పర్చీ నేకపోయినా పేరు సెప్తే సాలు, ఎల్లండి అన్నాది."

పరదేశి ఎత్తిన వేలు కిందికి దిగింది. సూరమ్మ అతని అక్క. సోమవారం నుంచి జ్వరమని ధర్నాకి రానిది వాడ మొత్తం మీద ఆమె ఒక్కతే.

ఆ ట్రంకు సంగతి చెప్పాలి. ఎనిమిదేళ్ళ కిందట ఎండాకాలంలో తెలుగువాడ తగలబడింది. గుడిసెలు నెల తిరక్కుండా లేచాయి. కాలిపోయిన రేషన్ కార్డులు మాత్రం రెండేళ్ళకి గానీ రాలేదు. కార్డు లేనివాడు ఈ ఊరివాడు కాడు, మీ ఆంధ్రాకి పో అన్నాడు ప్రతి గుమాస్తా. అప్పట్నుంచి వాడలో ఎవరూ కాగితమన్నది గుడిసెలో ఉంచరు. ఇటుక గోడలున్నది ఒక్క సూరమ్మ ఇంటికే. రైల్వేలో కళాసీగా చేసి చచ్చిపోయిన మొగుడు కట్టిన ఇల్లు. రేషన్ కార్డు, పుట్టిన చీటీ, ఆసుపత్రి చీటీ, ఓటు పర్చీ, అన్నీ ఆమె ఇనప ట్రంకులోకే. తాళంచెవి ఆమె మెడలో. ఇలా చెయ్యాలని ఎవరూ తీర్మానం చెయ్యలేదు, ఎవరూ తప్పలేదు. పార్టీలవాళ్ళకీ ఇది తెలుసు. వాడ మొత్తం కట్ట కట్టి ఆమె గుమ్మంలో పడేసి పోతారు.

పరదేశి టెంపో ఎక్కి బీర్‌గావ్‌లో దిగేసరికి పన్నెండు దాటింది. సూరమ్మ వాకిట్లో కూర్చుని గిన్నెలు తోముతోంది.

"జొరం తగ్గినట్టుందే," అన్నాడు.

"బువ్వ తింటావేటి?"

"ట్రంకు తియ్యి అప్పా."

"ఏటి కావాల?"

"పర్చీలు."

"రానేదని సెప్పినాను గదా."

"తియ్యి."

ఆమె చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. మెడలో తాడు తీసి తాళం తానే తీసింది. లోపల కార్డుల కట్టలు పాత చీర అంచులతో కట్టి వరసగా ఉన్నాయి. పర్చీలు లేవు. అడుగున మాత్రం ఒక హిందీ పేపరు మడత ఉంది. దాని మీద పెన్సిలుతో ఎవరో రాశారు: తెలుగు లైన్, 118. పర్చీల కట్టకి చుట్టిన కాగితం. ఆ ట్రంకులో పడ్డ ఏ కాగితాన్నీ సూరమ్మ బయట పారెయ్యదు. ఆమెకి చదువు రాదు, ఏది పనికొస్తుందో ఏది రాదో చెప్పలేదు, అందుకని అన్నీ దాస్తుంది.

పరదేశి ఆ మడత ఆమె ముందు పెట్టాడు. సూరమ్మ గోడకి ఆనుకుని కూలబడింది.

"శనారం మజ్జేనం అచ్చయ్య మేస్త్రి వచ్చినాడు," అంది.

అచ్చయ్య పేరు తెలియనివాళ్ళు వాడలో లేరు. శ్రీకాకుళం వైపు నుంచి మనుషుల్ని తెచ్చి ఉర్లా ఫ్యాక్టరీల్లో పనికి పెట్టే మేస్త్రి. సాయంత్రాలు మిల్లు ఆసామి గుమ్మంలో కూర్చుంటాడు. ఆ మిల్లు ఆసామే ఈ ఎన్నికలో నిలబడ్డవాడు.

"ఏటన్నాడు?"

"ఇళ్ళ పట్టాలకి లిస్టు రాస్తన్నారంట. పేర్లు సూసుకోవాలంట. సాయంత్రానికి తెచ్చి ఇచ్చేస్తానన్నాడు."

"నువ్వు నమ్మీసినావు."

"నేదు."

పరదేశి తలెత్తాడు.

"నమ్మనేదురా. నానేటి సిన్నపిల్లనా? ఆడు గుమ్మంలో నిల్సున్నప్పుడే తెలిసిపోనాది. తెలిసే ఇచ్చినాను."

"ఎందుకిచ్చినావు?"

"ఈ జాగా మనదేటి? సర్కారుది. ఓట్లు అడ్డంగా పడినాయంటే వారానికల్లా బుల్డోజరు వొస్తాదన్నాడు. పడాల్సినట్టు పడితే పట్టాలొస్తాయన్నాడు. పట్టాలు రావని నాకు తెలుసు. బుల్డోజరు మాత్రం వొస్తాది. నువ్వు సూడనేదా పోయినేడు మురుగు కాలవ అవతలోళ్ళకి ఏటైందో? పొద్దున్న ఉన్న ఇల్లు మజ్జేనానికి నేదు. ఓటుదేటి, ఐదేళ్ళకి మళ్ళీ వొస్తాది."

"నూట పద్దెనిమిది మంది నోట్లో మన్ను కొట్టినావు అప్పా."

"మన్ను కొట్టనేదు. నెత్తి మీద కప్పు ఉంచినాను."

"కప్పు అడుక్కుని ఉంటామేటి? మనం మనుషులం కామేటి?"

"మనుషులమే. అందుకే కప్పు కావాల. గొడ్లకైతే సెట్టు సాలు."

పరదేశి పనిలోకి దిగాడు. జేబులోంచి తెల్లకాగితాలు, కార్బను పేపరు తీశాడు. ఏ కాగితమైనా రెండు ప్రతులు రాయడం అతనికి అలవాటు.

"నాలుగులోగా ఇయ్యాల. నువ్వు సెప్పు, నాను రాస్తాను. వేలిముద్ర ఎయ్యి."

"ఏస్తే?"

"మళ్ళీ పోలింగ్ పెడతారు."

"నాకేటవుతాది?"

"నీకేటి అవుతాది? అచ్చయ్యకవుతాది."

"పింఛను ఆపీరు గదా?"

"ఆపరు."

అవుతుందో కాదో, ఆపుతారో ఆపరో అతనికి తెలియదు. ఏ చట్టంలో ఏముందో ఎవరినీ అడగలేదు. తెలియదని ఒప్పుకోవడం పరదేశికి చేతకాదు. చేతనైతే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

"అచ్చయ్య మాట నమ్మి మోసపోనానని రాయకూడదేటి?" అంది సూరమ్మ.

"కూడదు. తెలిసే ఇచ్చినావు, తెలిసే ఇచ్చినానని రాయాల. అబద్ధం రాసి నిజం ఎలక్షన్ పెట్టమని అడుగుతామేటి? మన కాగితం సాఫ్‌గా ఉంటేనే మన నోరు లెగుస్తాది."

"నీ ఇష్టం. నాకు సదువు రాదు. నువ్వు రాసినావంటే సరే."

రాశాడు. హిందీలో, రాత తప్పుల్తో, కానీ మాటకి మాట. సూరమ్మ అను నేను, ఫలానా శనివారం, ఫలానా అచ్చయ్యకి, నూట పద్దెనిమిది పర్చీలు, దొంగ ఓట్లకని తెలిసే ఇచ్చాను. పొయ్యి మసి తడిపి ఆమె బొటనవేలికి రాసి రెండు ప్రతుల మీదా నొక్కించాడు.

ఇద్దరూ టెంపో ఎక్కారు. కచేరీ దగ్గర దిగేసరికి మూడుంబావు. సూరమ్మ వచ్చిందని ఆడవాళ్ళు సంబరపడ్డారు. కోటమ్మ చాప మీద జరిగి చోటిచ్చింది. "జొరంతోటి ఎందుకొచ్చినావే," అంటూ మంచినీళ్ళు పోసింది. సూరమ్మ తాగింది.

పరదేశి లోపలికి వెళ్ళాడు. ఇదివరకు రెండుసార్లు ఇచ్చిన అర్జీలు అందనే లేదని ఈ కచేరీ గుమాస్తా నిలువునా బొంకాడు. అప్పట్నుంచి అతను ఒక నియమం పెట్టుకున్నాడు. ముందు ముద్ర, తర్వాత మాట. రెండు ప్రతుల మీదా ముట్టినట్టు ముద్ర, నంబరు, తారీఖు పడితే గానీ కాగితం చేతిలోంచి వదలడు.

"సాబ్ చూసి ముద్ర వెయ్యమంటే వేస్తాను," అన్నాడు గుమాస్తా.

"ముద్ర వేశాకే సాబ్ చూస్తాడు."

"ఇది వాంగ్మూలం. అర్జీ కాదు. ఆలోచించుకో."

"ముద్ర."

గుమాస్తా టీ తాగాడు. ఇంకుప్యాడ్ వెతికాడు. మూడున్నరైంది, పావు తక్కువ నాలుగైంది. పరదేశి కిటికీలోంచి అరిచాడు. బయట అందరూ లేచి నిలబడి అరిచారు. సాఫ్ చునావ్, హమారా హక్: శుభ్రమైన ఎన్నిక మా హక్కు. ఆ మూడు రోజుల్లో ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. గుమాస్తా రెండు ప్రతుల మీదా ముద్ర కొట్టి, నంబరు వేసి, సంతకం గిలికాడు. పరదేశి తన ప్రతి పైకెత్తి కిటికీలోంచి చూపించాడు. వాడ వాడంతా చప్పట్లు కొట్టింది. సూరమ్మ కూడా కొట్టింది.

గెలుపు అంటూ వాళ్ళకి దక్కింది ఆ నాలుగు నిమిషాలే.

ఆఫీసరు కాగితం రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీశాడు.

"సరే. పైకి పంపిస్తాను."

"పోలింగ్ ఎప్పుడు సాబ్?"

"పోలింగ్ ఎక్కడిది? మళ్ళీ పోలింగ్ పెట్టమని సిఫారసు చేసే గడువు మంగళవారం సాయంత్రంతో అయిపోయింది."

"పొద్దున మీరే కదా అన్నారు..."

"పంపిస్తానన్నాను. పంపిస్తున్నాను. మళ్ళీ పోలింగ్ పెడతారని నా నోటితో అన్నానా?"

ఆఫీసరు వేలితో ఒక వరస చూపించాడు.

"ఇక్కడ ఇంకో సంగతుంది. దొంగ ఓట్లకని తెలిసి పర్చీలు ఇచ్చానని ఈమే ఒప్పుకుంది. ఇది చూసి కూడా నేను పోలీసులకి పంపకపోతే నా ఉద్యోగం ఉండదు."

"అచ్చయ్య పేరు కూడా ఉంది సాబ్. తీసుకున్నవాడు వాడు. వేయించినవాడు మిల్లు ఆసామి."

"వాళ్ళిద్దరూ ఏమీ రాసి ఇవ్వలేదే. ఇచ్చినప్పుడు చూద్దాం."

"ఆ కాగితం నాకు వెనక్కి ఇచ్చెయ్యండి."

ఆఫీసరుకి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. కాగితం తిప్పి ముద్ర చూపించాడు. "నంబరు పడింది. ముద్ర లేకుండా తెచ్చుంటే ఇదుగో పట్టుకుపో అనేవాణ్ణి. గొడవ చేసి మరీ వేయించుకున్నావు కదయ్యా."

కచేరీ కాపలా పోలీసు హవల్దారు కాగితం పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. వెనక ఆఫీసరు, ఆయన వెనక పరదేశి. హవల్దారు అందరికీ వినబడేలా హిందీలో చదివాడు. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో బతుకుతున్నవాళ్ళు, ఆ మాత్రం హిందీ అందరికీ వచ్చు. తెలిసే ఇచ్చాను అన్నచోట ఒకసారి ఆగి, మళ్ళీ చదివాడు.

"సూరమ్మ ఎవరు?"

ఎవరూ చూపించలేదు. చూపించాల్సిన పని పడలేదు. మొదట వెనకవరస ఆడవాళ్ళు లేచి అవతలికి జరిగారు. తర్వాత పక్కవాళ్ళు. చెప్పులు, మరచెంబులు, చంటిపిల్లలు అన్నీ జరిగాయి. చాప మీద సూరమ్మా కోటమ్మా మిగిలారు. కోటమ్మ తన సంచీ తీసుకుని మోకాళ్ళ మీద చేతులేసుకుని లేచింది.

"గుడిసెల కోసమే ఇచ్చినావు, తెలుసునే," అంది. "నన్నొక్క మాట అడగవలసింది. అడిగితే నానూ ఇచ్చీదాన్నే."

ఇది తిట్టు కాదు. తిట్టయితే సూరమ్మ ఓర్చుకునేది.

హవల్దారు ఆమెని జీపు వైపు నడిపించాడు. ఆఫీసరు పరదేశి వైపు తిరిగాడు.

"రాసింది నువ్వు. ఆమె నీకు అక్క. ఈ పర్చీల వ్యవహారం నీకు ముందే తెలుసా? ఇదివరకు ఎప్పుడైనా ఇలా జరిగిందా? చూసుకుని చెప్పు. అవునంటే నువ్వూ జీపెక్కాలి."

వాడంతా అతని ముఖమే చూస్తోంది. మూడు రోజులుగా అతను ఏది చెబితే అది చేసిన వాడ.

"తెలియదు సాబ్," అన్నాడు పరదేశి. "మా వాడలో ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు."

జీపు మెట్టు మీద కాలు పెట్టిన సూరమ్మ ఆ కాలు కిందికి తీసింది. వెనక్కి నడిచి వచ్చింది. హవల్దారు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. ఆఫీసరుకి అర్థమవ్వాలని, తనకి వచ్చిన ఛత్తీస్‌గఢీలో, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పింది.

"జరిగింది సాబ్. రాసుకోండి. పోయిన ఎలక్షన్‌కీ నేను ట్రంకు తీశాను. అప్పుడు వాడలో ముప్పై మంది పెళ్ళిళ్ళకని ఊళ్ళకి పోయారు. వాళ్ళ పర్చీలు ముప్పయ్యీ ఒకాయన అడిగి పట్టుకెళ్ళాడు. ఉర్లా నుంచి వేరే మనుషుల్ని తెచ్చి ఓట్లు వేయించాడు. ఆ వచ్చినాయన అచ్చయ్య కాదు."

ఆ ముప్పై పర్చీలు అందుకున్నవాడు పరదేశి. తన ఫ్యాక్టరీ యూనియన్ నిలబెట్టిన మనిషి ఒక్కసారైనా గెలవాలని, వాడ ఓట్లలో ఒక్కటీ వృథా పోకూడదని, ఆ రోజు అక్క గుమ్మంలో చెయ్యి చాచాడు. మనిషి గెలవలేదు. ఐదేళ్ళుగా పరదేశి దాన్ని దొంగతనం అనుకోలేదు. ఐకమత్యం అనుకున్నాడు.

ఆఫీసరు జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. "ఆయన పేరు?"

సూరమ్మ తమ్ముడి వైపు చూడలేదు. దూరంగా సంచీ పట్టుకుని నిలబడ్డ మనిషి వైపు చూసింది.

"నువ్వు ఇలా దగ్గిరికి రా కోటమ్మా," అంది తెలుగులో. "ఆ యేడు నువ్వు మీ మేనగోడలి పెళ్ళికి చీపురుపల్లిలో ఉన్నావు. నీ ఓటు ఇక్కడ పడినాది. ఎవుడు ఏయించినాడో నీకు ఎదురుగా సెప్తాను."